దసలి చిమ్మట గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మహాదేవపూర్ అడవి అంచున లైటుకి వచ్చిన పెద్ద రెక్కల పురుగు మీద నువ్వు రాసింది చదివాను. చదివించే గుణం నీ రాతలో ఉంది. కానీ ‘ఇటుక రంగులో ఉన్న కొత్త జాతి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నీ ఫొటోలో ఉన్నది మగ దసలి చిమ్మట. దసలి (టస్సార్) పట్టు ఇచ్చేది ఇదే.

దీన్ని రంగు చూసి పోల్చుకోవాలంటే తిప్పలే. మగవి ఎక్కువగా ఇటుక ఎరుపులోనో గోధుమ రంగులోనో, ఆడవి పసుపులోనో బూడిద రంగులోనో ఉంటాయి. మధ్యలో బోలెడు ఛాయలు. అందుకని మొదట రెక్కల మీది కళ్లలాంటి మచ్చలు చూడు. నాలుగు రెక్కలకూ ఒక్కొక్కటి ఉంటుంది. గుండ్రంగా, చుట్టూ రంగు వలయం, నడుమ పొలుసులు లేని పలుచటి పొర. వెలుతురు వెనక నుంచి పడితే అందులోంచి అవతలి ఆకు కనిపిస్తుంది. అట్లాస్ చిమ్మటకు ఆ చోట త్రికోణం ఉంటుంది. ఆ తర్వాత మీసాలు: మగదానికి ఈకలా వెడల్పుగా, ఆడదానికి సన్నగా. మగదాని ముందు రెక్క కొస బాగా వంపు తిరిగి ఉంటుంది, పొట్ట చిన్నది. రంగు గురించి ఎంతైనా రాయి, కానీ ఇవన్నీ చెప్పాకే రాయి.

శాస్త్రీయ నామం దగ్గర కూడా జాగ్రత్త. 1773లో డ్రూరీ పెట్టిన మైలిట్టా పేరుతో కొందరు దీన్ని ఆంతేరియా మైలిట్టా అంటారు, ఇంకొందరు దాన్ని 1758 నాటి లిన్నేయస్ పేరు పాఫియాలో కలిపేస్తారు. ఏది వాడినా ఫర్వాలేదు, ఎవరి జాబితా పట్టుకున్నావో మాత్రం చెప్పు.

నీ వ్యాసంలో నాకు బాగా వెలితిగా అనిపించింది వేరే ఉంది. చెన్నూరు, మహాదేవపూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పెంచే కుటుంబాలున్నాయి. మల్బరీ పట్టులా ఇంట్లో తట్టల్లో పెంచేది కాదిది. పురుగు ఆరుబయట చెట్టు మీదే ఆకు తిని, అక్కడే కాయ, అంటే పట్టు గూడు, కడుతుంది. మరి నీ లైటుకి వచ్చింది అడవిదా, పెంపకం తోటలోంచి వచ్చిందా? రెక్కలు చూసి ఇది తేల్చలేం. దగ్గర్లో తోట ఉందా, ఎంత దూరం, విత్తన కాయలు (గుడ్ల కోసం ఉంచే పట్టు గూళ్లు) ఎక్కడివి అని ఆ ఊళ్లోనే అడగాలి. పెంచేవాళ్లకు తెలిసినంత మనకు తెలియదు, కాసేపు కూర్చుని విను. ‘ఆంధ్ర లోకల్’ అని పట్టు శాఖ వాళ్లు పిలిచే రకం ఆ ప్రాంతానిదే. బయటి విత్తనం కలిస్తే ఆ తేడా చెరిగిపోతుందని నాకు నిజంగా బెంగ. అందుకే ఈ ఒక్క వివరం కోసం ఇంత పట్టుబడుతున్నాను.

కాయ కనిపిస్తే అది కూడా రికార్డే. గట్టి కాయ, పొడవాటి తొడిమ, ఆ తొడిమ చివర కొమ్మను చుట్టుకున్న ఉంగరం. ఆకు రాలిన కాలంలో సులువుగా కంటపడుతుంది. నల్లమద్దా తెల్లమద్దా, ఎంత ఎత్తున ఉంది, చివర రంధ్రం ఉందా, అన్నీ రాసుకో. రంధ్రం లేకపోతే లోపల ప్యూపా (చిమ్మటగా మారబోయే దశ) ఉండొచ్చు, తొలకరి దాకా అట్లాగే పడుకుని ఉంటుంది. కోయకు.

‘అరుదు’ అనే మాట ఇప్పుడే వాడొద్దు. ఏమీ రాని రాత్రులు కూడా నోట్‌బుక్‌లో ఎక్కాలి: తేదీ, టైమ్, వాన, వెన్నెల, ఏ బల్బు. అవి లేకుండా అరుదో కాదో ఎవరూ చెప్పలేరు.

వ్యాసాన్ని ఎడిటర్‌కి ఇంకా పంపకు. ముందు తోట సంగతి కనుక్కో, రెక్కల అడుగు భాగం ఫొటో ఉంటే నాకు పంపు. జూలై చివరి వారంలో నేషనల్ మాత్ వీక్, అంటే చిమ్మటలను చూసి నమోదు చేసే వారం, వస్తోంది. అటవీశాఖ అనుమతి తీసుకుని మద్ది చెట్లున్న వైపే, లైటుకి వచ్చే చిమ్మటలు వాలేలా తెల్ల గుడ్డ కట్టు.

ఇట్లు,
మీ అన్న