ఇంపాలా కొంటున్న మేనకోడలికి

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు 1964 మోడల్ షెవర్లే ఇంపాలా కారు చూసొచ్చిందట, అదీ ఆటోమేటిక్, మమ్మల్ని దాంట్లో శ్రీశైలం తీసుకెళ్తుందట" అంది. ఇక నిద్రెక్కడిది? చిన్నప్పుడు సెలవుల్లో మా షెడ్డుకొచ్చి స్పానర్లు సైజు వారీగా పేర్చి కూర్చునేదానివి, ఇవాళ నీ సంపాదనతో అలాంటి బండి ఇంటికి తెస్తున్నావంటే నా గుండె నిండిపోయింది. కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు నాకొక్క మాట చెప్పాలని తోచలేదా తల్లీ!

కాగితాలు, తుప్పు, టైర్లు నువ్వే చూసుకోగలవు. నా బెంగంతా గేర్‌బాక్స్ గురించే.

దాంట్లో ఉండేది పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రెండే గేర్లు. ఇప్పటి బండ్లలో కంప్యూటర్ చేసే పని అక్కడ ఆయిల్ ఒత్తిడి చేస్తుంది. బండి ఎంత వేగంగా పోతోందో లోపలుండే గవర్నర్ అనే భాగం చెబుతుంది, నువ్వు యాక్సిలరేటర్ పెడల్ ఎంత తొక్కావో లింకేజ్ రాడ్ చెబుతుంది, ఆ రెండూ తేల్చుకున్నాక గేరు మారుతుంది. అందుకే మెల్లగా తొక్కితే పై గేరు త్వరగా పడుతుంది, గట్టిగా తొక్కితే లో గేర్‌లోనే చాలాసేపు లాగుతుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరిస్తే కంగారు పడకు, దాని తీరే అంత. మెల్లగా పోతున్నా ఆలస్యంగా మారుతుంటే ముందు ఆ రాడ్ అడ్జస్ట్‌మెంట్ చూపించు. టైముకే మారుతూ, మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు వస్తోందా, అయితే ఇది చదువు.

1987లో, షెడ్డు ఖైరతాబాద్‌లో ఉన్నప్పుడు, ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు అచ్చం ఇలాంటి బండే తెచ్చారు. గేరు మారితే కుదుపు, సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, వారం వారం గేర్ ఆయిల్ తగ్గిపోవడం, కింద నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. కారకుండా ఆయిల్ ఎటు పోతోందని నేను ఆలోచించనేలేదు. పొగకు ఇంజన్ రింగులన్నాను, కుదుపుకు గేర్‌బాక్స్ ప్లేట్లన్నాను. ఆయన "నువ్వు చెప్పాక ఇంకేముంది బాబూ" అని కూతురి పెళ్లికి దాచిన డబ్బులో కొంత తీసిచ్చారు. బాక్స్ దించి, బొంబాయి నుంచి ప్లేట్లు తెప్పించి, మూడు నెలల తర్వాత ఎక్కించాను. రోడ్డెక్కితే అదే కుదుపు, అదే పొగ.

అప్పుడు నా ఉస్తాద్‌ని పిలిచాను. ఆయన ఏదీ విప్పలేదు. బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ వెనక పక్కన ఉస్మానియా బిస్కెట్ అంత వెడల్పున్న రేకు డబ్బా నుంచి సన్నటి రబ్బరు పైపు లాగి, చిటికెన వేలు దాని నోట్లో పెట్టి నాకు చూపించారు. వేలి కొసన ఎర్రటి చుక్క. "ఈ పైపులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు బేటా" అన్నారు. ఆ డబ్బా పేరు వాక్యూమ్ మాడ్యులేటర్. లోపలి పొర చిరిగితే, ఇంజన్‌లోకి గాలి పీల్చే గొట్టం, అదే మానిఫోల్డ్, ఆ పైపులోంచే గేర్ ఆయిల్ పీల్చి కాల్చేస్తుంది. తెల్ల పొగ అదే. వాక్యూమ్, అంటే ఇంజన్ పీల్పు, సరిగ్గా అందక గేర్‌బాక్స్ లోపల ఆయిల్ ఒత్తిడి పెరిగి గేరు గుద్దుకుంటూ పడుతుంది. డబ్బా మార్చాం, అరగంట పని.

ఆ పెద్దాయనకు నేను నిజం చెప్పలేదు అమ్ములూ. బాక్స్ బాగుచేశానని బండి అప్పగించాను, ఆయన నా భుజం తట్టి వెళ్లారు. డబ్బు తిరిగిద్దామని ధైర్యం తెచ్చుకునేసరికి ఆయన పోయారు. ఇది మీ అత్తయ్యకు కూడా తెలియదు.

కాబట్టి ఎవరైనా "బాక్స్ పోయింది మేడమ్, దించాలి" అంటే, ముందు ఆ పైపు నీ కళ్లముందు లాగమను. పైపు ఎండి పగిలినా కుదుపు వస్తుంది, అలాంటప్పుడు రాణిగంజ్‌లో వాక్యూమ్‌కు పనికొచ్చే గట్టి పైపు ముక్క కొంటే సరిపోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ ఎప్పుడూ బండి వేడెక్కాక, చదును నేల మీద, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. ఎర్రగా ఉండాలి. నల్లబడి మాడు వాసన వస్తే ఆ బండి కొనకు, ఎంత తగ్గించినా సరే.

ఇక శ్రీశైలం. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడు తలుచుకుంటేనే నాకు చేతులు చల్లబడుతున్నాయి. ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వేడెక్కితే పట్టవు. దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి గేర్ లీవర్ ఎల్‌లో, అంటే లో గేర్‌లో, వెయ్యి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. పెట్రోల్ మిగులుతుందని ఎవరు చెప్పినా న్యూట్రల్‌లో మాత్రం దించకు. మీ నాన్న చెప్పినా సరే. వెనక సీట్లో నా చెల్లెలు ఉంటుందే!

బేరం ఖాయం చెయ్యకు. శనివారం పొద్దున ఆరింటికి బండి ఉన్నచోటికి నేనే వస్తా. డిప్‌స్టిక్ తుడవడానికి పోగులు రాలని గుడ్డ ఒకటి తెచ్చుకో. పైపు మాత్రం నువ్వే లాగాలి.

మావయ్య