ఆ కోటు ఎవరిది?

చి. అమ్మాయికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కథలూ చదివాను. ఫోటోలు ముందేసుకుని గంటలకొద్దీ కూర్చున్నా ఏమీ తట్టడం లేదని రాశావు. ఎందుకు తట్టడం లేదో నీ కథలే చెబుతున్నాయి. బొమ్మ చూడగానే నువ్వు అందులో బాధ కోసమో, ప్రేమ కోసమో వెతుకుతున్నావు. బొమ్మలో అవి ఉండవు, వస్తువులుంటాయి. ముందు వాటిని లెక్కపెట్టాలి.

ఇంట్లో పాత స్టూడియో ఫోటో ఒకటి వెతికి తీసుకో. 1960లు, 70ల నాటి నలుపు తెలుపుదైతే మరీ మంచిది. ఫోన్‌లోకి ఎక్కించి చూడకు, అసలు ఫోటోనే చేతిలో పట్టుకో. దాని వీపు కూడా నీకు కావాలి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిలుతో వేసిన తేదీ ఒక్కోసారి అక్కడే దొరుకుతాయి. పావుగంట పెట్టుకో. మొదటి పది నిమిషాలు కాగితం మీద పేర్లు మాత్రమే రాయి. విశేషణం ఒక్కటి కూడా వద్దు. "పాత కుర్చీ" కాదు, "కుర్చీ". మొత్తం నలభై రావాలి.

పదిహేను దగ్గర ఆగిపోతావు. దాదాపు అందరూ అక్కడే ఆగుతారు, ఎందుకంటే మనుషులు, బట్టలు, నగలు అక్కడికి అయిపోతాయి. చూడటం మొదలయ్యేది పదహారో దానితోనే. భార్యాభర్తలూ ఒక పిల్లా ఉన్న ఫోటో అనుకో. వెనక తెర మీద రంగులతో వేసిన మెట్లు. ఆ మెట్లు నేలను తాకే చోట తెరలో ఒక ముడత. పిల్ల బుగ్గ మీద దిష్టిచుక్క. కుర్చీ వీపును పట్టుకున్న ఆమె వేళ్ళు. గడియారం కనబడేలా తిప్పి పెట్టుకున్న అతని ముంజేయి. బొటనవేలి కణుపు దాకా జారిన కోటు చేయి.

మిగిలిన ఐదు నిమిషాలూ ఆ జాబితాలో దేనితోనూ అతకని వస్తువు కోసం చూడు. ఇక్కడ అది కోటే. ఆ రోజుల్లో ఫోటో దిగడానికి వచ్చేవాళ్ళ కోసం స్టూడియోల్లో ఒక కోటు తగిలించి ఉంచేవారు. కోటు అతనిది కాదని తోచిన మరుక్షణం గడియారం మీద కూడా అనుమానం వస్తుంది. చెప్పులు ఎవరివి? ఈ ఫోటో ఎవరికి పంపాలని దిగారు? ఎవరి ముందు తక్కువ కాకూడదనుకున్నారు? కథ అక్కడ మొదలవుతుంది. కోటు గురించి నువ్వు ఒక్క వాక్యం రాసినా చాలు, రాయకపోయినా ఫరవాలేదు. నలభై పేర్లనూ కథలో దింపావంటే మాత్రం అది సామాను పట్టీ అవుతుంది. రెండు మూడుకు మించి వాడకు.

ఇంకో పొరపాటు, ఇది నీ రెండో కథలోనే ఉంది. "ఆమె కళ్ళలో అంతులేని విషాదం" అన్నావు. స్టూడియోలో లైట్లు వేసి, కదలొద్దని, రెప్ప వేయొద్దని చెప్పేవారు. అలా బిగపట్టుకుంటే ఎవరి ముఖమైనా రాయిలాగే పడుతుంది. ఆ విషాదం ఫోటోలోది కాదు, నువ్వు పెట్టింది. ముఖం ఫోటో కోసం సర్దుకుంటుంది, చేతులు అంతగా సర్దుకోవు. అందుకే ముందు చేతులు చూడు.

ఇక మాటలు. మౌనం, శూన్యం, స్వప్నం, వెన్నెల... నీ మూడు కథల్లోనూ ఇవే తిరుగుతున్నాయి. చెడ్డ మాటలని కాదు. వాటిని చదివినప్పుడు కంటికి ఏమీ కనబడదు, అదీ చిక్కు. రోజూ వాడే నానుడిలో ఉన్న బొమ్మను బయటికి తీయడం నేర్చుకో. "కళ్ళు కాయలు కాచాయి" అంటాం. నాగలి మేడి పట్టీ పట్టీ అరచేయి కాయ కాయడం చూశావు కదా? ఆ కాయను కంటికి తెచ్చి చూడు. ఎదురుచూపు కూడా ఒంటి కష్టమేనని అప్పుడు తెలుస్తుంది. తలుపు దగ్గర నిలబడ్డ తల్లిని ఎలా రాయాలో ఆ మాటే చెబుతుంది.

ఇంకాస్త లోతుగా ఒక్క మాటను పట్టుకుందాం: ఆసు. "ఇంట్లో ఆసులో కండెలా తిరుగుతోంది" అంటాం. కండె అంటే దారం చుట్టిన పుల్ల. పోచంపల్లి చీరకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టి, రంగులద్దే ముందు నూలును ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవడమే ఆ పని. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడాలంటారు. ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఆ వాక్యం మళ్ళీ చదువు. ఇందాక అది అలంకారం. ఇప్పుడు అందులో ఒక భుజం ఉంది. మాట నుంచి కథ పుట్టడమంటే ఇదే. దాని వెనక పని ఉంటుంది, పని వెనక మనిషి ఒళ్ళు ఉంటుంది.

ఇలాంటి మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం చూడు. చేనేత మీద కూడా సంపుటం ఉంది. బ్రౌన్ నిఘంటువునూ దగ్గర పెట్టుకో, అందులో వాడుక ఉదాహరణలు బాగుంటాయి. కానీ నిఘంటువులో దొరికిన మాటను అదే రోజు కథలో పెట్టకు, అతుకు తెలిసిపోతుంది. ఆ పని చేసేవాళ్ళ నోట ఒక్కసారైనా విను. మీ వైపు దాన్ని వేరే పేరుతో పిలుస్తుంటే ఆ పేరే నీది.

బొమ్మనూ మాటనూ కలిపే సాధన మన అవధానంలోనే ఉంది. దత్తపదిలో పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వేరే విషయం మీద వాటితో పద్యం చెప్పమంటాడు. నువ్వు వచనంలో చెయ్యి. ఫోటో ఒకటి, నీకు సంబంధం లేని పుస్తకం ఏదో ఒక పేజీ తెరిచి ఏరుకున్న నాలుగు నామవాచకాలు, నలభై నిమిషాలు, మూడు వందల మాటలు. అవధాని పద్యంలో ఇచ్చిన పదం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే సభ చప్పట్లు కొడుతుంది. నీ వచనంలోనూ అంతే. చదివినవాళ్ళు ఆ నాలుగు మాటలనూ వేలుపెట్టి చూపించగలిగితే ఇంకా అతకలేదన్నమాట. వారానికి రెండుసార్లు చాలు. రోజూ చేస్తే చేయి తిరుగుతుంది గానీ కన్ను మొద్దుబారుతుంది.

రాసింది వెంటనే కథ చేయకు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టాకే కలం పెడతారు. కరక్కాయ ఉంటేనే ఇనుము, బెల్లం పులియబెట్టిన రసం నల్లగా తేలుతుంది. పాలు పట్టకపోతే గీత పక్కలకు పాకుతుంది. నువ్వు చూసిన బొమ్మకూ ఆ తడి ఆరే వ్యవధి ఇవ్వాలి. జాబితాను మూడు వారాలు మూసిపెట్టు. ఆ తర్వాత దాన్ని తెరవకుండా, గుర్తున్నవేవో రాసుకో. ఐదారు ఉంటాయి. కథ వాటితోనే.

ఈసారి కథ పంపకు. నీ ఫోటోలోని నలభై పేర్లూ పంపు. వాటిలో పేరు తెలియనివి రెండు మూడు ఉంటాయి, కుర్చీ చేతి చివర చుట్టలాంటి చెక్కడమో, జడ చివర వేలాడేదో. వాటి దగ్గర ఖాళీ వదిలి, మీ అమ్మమ్మ వాటిని ఏమంటుందో అడిగి పక్కన రాయి.

ఉంటాను.