సొంత కెర్నెల్‌లో అసింక్రనస్ రీడ్: రెండో ప్రాసెస్ మొదలవగానే మెమరీ ఎందుకు పాడవుతోంది?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది: మీరు రాస్తున్న కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) రీడ్ కాల్ వెంటనే తిరిగొచ్చేస్తుంది, డిస్క్ పని ముగించాక ఇంటరప్ట్ హ్యాండ్లర్ (డివైస్ సంకేతం ఇవ్వగానే నడిచే కోడ్) డేటాను యూజర్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. ఒక్క ప్రాసెసే నడుస్తున్నప్పుడు అంతా సరిగ్గానే ఉంటోంది. రెండోది మొదలైతే పేజ్ ఫాల్ట్ (ఆ అడ్రస్‌కు సరైన పేజీ లేదని సీపీయూ ఆపేయడం), లేదంటే ఇంకో ప్రాసెస్ డేటా చెడిపోవడం.

డిస్క్ డ్రైవర్‌ను అనుమానించకండి. ఇంటరప్ట్ వచ్చినప్పుడు సీపీయూ మీద ఏ ప్రాసెస్ ఉంటే దాని పేజ్ టేబుళ్లే (వర్చువల్ అడ్రస్‌లను అసలు మెమరీకి కలిపే పట్టికలు) అమల్లో ఉంటాయి. మీరు దాచుకున్న వర్చువల్ అడ్రస్‌కు అక్కడ వేరే అర్థం. కాబట్టి అడ్రస్‌ను ఫిజికల్ పేజీలుగా మార్చడం, వాటి రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెంచి పిన్ చేయడం, అంటే పని అయ్యేదాకా అవి వేరొకరికి పోకుండా పట్టి ఉంచడం, సబ్మిట్ సమయంలోనే, అడిగిన ప్రాసెస్ కాంటెక్స్ట్‌లోనే జరగాలి. పేజీల లెక్క జాగ్రత్త: 4096 బైట్ల పేజీలో 3000 ఆఫ్‌సెట్ దగ్గర మొదలయ్యే 10000 బైట్ల బఫర్‌కు 3 కాదు, 4 పేజీలు కావాలి. ఇంకో సంగతి, డిస్క్ నుంచి చదవడమంటే మెమరీలోకి రాయడమే. అందుకే పిన్ చేసే ముందే ఆ పేజీలకు రైట్ ఫాల్ట్ తెప్పించండి, అంటే రాయబోతున్నట్టు చూపి ప్రాసెస్‌కు సొంత పేజీ ఇప్పించండి. లేకపోతే కాపీ ఆన్ రైట్‌లో ఉన్న పేజీనో (ఎవరైనా రాసేదాకా ప్రాసెస్‌లు పంచుకునేది), అందరూ పంచుకునే జీరో పేజీనో (సున్నాలతో నిండినది) పాడుచేస్తారు.

రిక్వెస్ట్ స్ట్రక్చర్‌ను కెర్నెల్ స్టాక్ మీద పెట్టొద్దు, హీప్‌లో కేటాయించండి. దాని రిఫరెన్స్ కౌంట్ 2తో మొదలవ్వాలి: ఒకటి డ్రైవర్‌ది, ఒకటి సబ్మిట్ చేసే కోడ్‌ది. 1తో మొదలుపెడితే, సబ్మిట్ ఫంక్షన్ ముగిసేలోపే డిస్క్ పని పూర్తయి రిక్వెస్ట్ ఫ్రీ అయిపోవచ్చు. డిస్క్ ఎంత వేగంగా ఉంటే ఇది అంత తరచుగా కనిపిస్తుంది.

అసలు కష్టమంతా రద్దు చేయడంలోనే ఉంది. మొదటి వెర్షన్‌లో ఇంకా క్యూలో ఉన్న రిక్వెస్టులను మాత్రమే రద్దు చేయనివ్వండి. డివైస్ చేతికి వెళ్లినదాన్ని అది తిరిగిచ్చేదాకా ముట్టుకోవద్దు. ఎందుకంటే డీఎంఏ (డివైస్ సీపీయూ ద్వారా కాకుండా నేరుగా మెమరీలో రాయడం) జరుగుతుండగా పిన్ తీసేస్తే ఆ పేజీ వేరొకరికి వెళ్తుంది, డివైస్ మాత్రం అందులో రాస్తూనే ఉంటుంది. 'క్యూలో ఉంది' అన్న స్థితి నుంచి 'డివైస్ దగ్గర' లేదా 'రద్దు'కు మార్పు ఒకే అటామిక్ కంపేర్ ఎక్స్చేంజ్‌తో (పాత విలువ అదేనా అని చూసి మార్చడం, మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే అడుగులో) జరగాలి. ప్రాసెస్ చనిపోతున్నప్పుడూ ఇదే వరస: క్యూలోవి రద్దు చేసి, డివైస్ దగ్గరున్నవి సున్నా అయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే అడ్రస్ స్పేస్‌ను కూల్చండి.

ఫలితాలు అందించడానికి రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి వాడే వరస) మంచిది. 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ_యూరింగ్ (యూజర్, కెర్నెల్ పంచుకునే రింగుల ద్వారా అసింక్రనస్ ఐఓ చేసే పద్ధతి) అమరికను చూడండి: సబ్మిషన్ ఎంట్రీ (పంపే రిక్వెస్ట్) మామూలుగా 64 బైట్లు, కంప్లీషన్ ఎంట్రీ (వచ్చే ఫలితం) 16. రింగ్ సైజును 2కు ఏదో ఒక ఘాతంగా (8, 16, 32 లాగా) ఉంచండి. మాస్క్ విలువను (సైజులో ఒకటి తక్కువ, ఇండెక్స్‌ను రింగ్ లోపలే ఉంచేది) కెర్నెల్ సొంత కాపీ నుంచే తీసుకోండి, షేర్డ్ పేజీలో ఉన్నదాన్ని యూజర్ మార్చగలడు. ఎంట్రీని కూడా ఒక్కసారే కాపీ చేసుకుని, ఆ కాపీనే తనిఖీ చేసి వాడండి. ఎంట్రీ రాశాక టెయిల్‌ను (రింగ్ చివరి ఎంట్రీని చూపే ఇండెక్స్) రిలీజ్ స్టోర్‌తో పెంచాలి, అంటే అంతకుముందు రాసినవన్నీ ముందే కనిపించేలా. ఇది మరిచిపోయినా ఎక్స్86లో చాలావరకు పనిచేస్తుంది, ఆర్మ్‌లో పాత ఎంట్రీలు బయటపడతాయి. కంప్లీషన్ రింగ్‌లో చోటును సబ్మిట్ అప్పుడే రిజర్వ్ చేయండి, లేకపోతే ఫలితం పెట్టడానికి చోటుండదు.

ఫలితం కోసం ఆగే థ్రెడ్ ముందు తనను నిద్ర స్థితిలో గుర్తించుకుని, తర్వాత రింగ్ చూసి, ఖాళీ అయితేనే షెడ్యూలర్‌ను పిలవాలి. ముందు రింగ్ చూసి తర్వాత నిద్రకు వెళ్తే, ఆ మధ్యలో ఇంటరప్ట్ వచ్చినప్పుడు థ్రెడ్ ఎప్పటికీ లేవకపోవచ్చు.

పరీక్షకు ఇలా చేయండి. డ్రైవర్‌లో కావాలనే 2 సెకన్ల ఆలస్యం పెట్టి, రీడ్ పంపగానే ప్రాసెస్‌ను చంపండి. ఫ్రీ అయిన ప్రతి పేజీని ఒకే బైట్ విలువతో నింపి, మళ్లీ కేటాయించేటప్పుడు ఆ విలువ మారిందేమో చూడండి. మారి ఉంటే, ముందుగా పిన్ తీసేస్తున్న చోటు ఎక్కడో ఇంకా మిగిలి ఉన్నట్టే.