1982 నాటి కమొడోర్ 64ను నేటి ఇంటర్నెట్‌కు కలపవచ్చా?

పాత కమొడోర్ 64 హోమ్ కంప్యూటర్ దొరికితే బాగుచేసి ఇంటర్నెట్‌కు కలపడం సాధ్యమేనా అన్నది ప్రశ్న. సాధ్యమే. అయితే దొరికిన ఆనందంలో వెంటనే స్విచ్ వేయకండి. ఈ యంత్రానికి అసలు ప్రమాదం దానితో వచ్చిన పవర్ అడాప్టర్ నుంచే. చాలా వాటిలో లోపలంతా రెసిన్ పోసి గట్టిపరిచారు. వేడి సరిగా బయటికి పోదు. అందులో వోల్టేజిని నిలకడగా ఉంచే 5 వోల్టుల రెగ్యులేటర్ చెడిపోయినప్పుడు వోల్టేజి పడిపోవడానికి బదులు పెరగవచ్చు. ఆ దెబ్బకు మెమరీ చిప్పులు కాలిపోతాయి. శబ్దం పుట్టించే సిడ్ చిప్పు పోతే ఇంకా బాధ, అసలు చిప్పు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి మొదటి ఖర్చు కొత్త అడాప్టర్ మీదే పెట్టండి. అమెరికా నుంచి తెచ్చిన పాతది 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టనే కూడదు.

నెట్‌వర్క్ సంగతి తేలిక. ఈఎస్‌పీ8266 చిప్పుతో చేసిన చిన్న వైఫై మోడెంను వెనుకనున్న యూజర్ పోర్టుకు తగిలిస్తే, కంప్యూటర్ దాన్ని పాత టెలిఫోన్ మోడెం అనే అనుకుంటుంది. డయల్ చేయమని మోడెంకు చెప్పే ‘ఏటీడీటీ’ ఆదేశం కొట్టి, ఫోన్ నంబరు స్థానంలో టెల్నెట్ (దూరపు కంప్యూటర్‌తో అక్షరాల రూపంలో మాట్లాడే పాత పద్ధతి) చిరునామా ఇస్తే చాలు. 2400 బాడ్ (ఇక్కడ సెకనుకు 2400 బిట్లు) వేగంలో 40 అక్షరాల వెడల్పు, 25 పంక్తుల తెర నిండటానికి సుమారు నాలుగు సెకన్లు పడుతుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా రావడం చూడటమే ఈ అభిరుచిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

నేటి వెబ్‌సైట్ల ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చడం) మాత్రం 1 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు మోయలేని భారం. ఆ పనిని మధ్యలో ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే ఒక చిన్న కంప్యూటర్‌కు అప్పగించాలి.