అటక మీది పాత పంపు ఎయిర్ గన్ గాలి నిలపడం లేదు, బాగవుతుందా?

ప్రశ్న క్లుప్తంగా: కావలి దగ్గర పల్లెలో తాతగారి అటక మీద పాత ఎయిర్ గన్ దొరికింది. ముందున్న చెక్కపిడిని కిందికి లాగి పంపు కొట్టే రకం. నల్లరంగు పోయినచోట ఇత్తడి కనిపిస్తోంది. ఎనిమిది సార్లు కొట్టినా తుస్సుమంటోంది, పెల్లెట్ పది అడుగులు కూడా పోవడం లేదు. స్టవ్వులు బాగుచేసే ఆయన కిరోసిన్ పోసి కడగమన్నాడు. ఇంకొకాయన పాత సామాన్లకు వేసేయమన్నాడు. ఏం చేయాలి?

చాలావరకు బాగవుతుంది. ఈ రకం తుపాకుల్లో వయసు మీదపడి పోయినవి తక్కువ, రిపేరు పేరుతో జనం చంపినవి ఎక్కువ. కిరోసిన్ సీసా ముందు పక్కన పెట్టేయండి.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరో, పెంచలకోన తిరునాళ్లలోనో బెలూన్లు కాల్చే తుపాకీని మనసులో పెట్టుకుని దీన్ని విప్పొద్దు. అది బ్యారల్‌ను మధ్యకు వంచి స్ప్రింగు బిగించేది. ట్రిగ్గర్ నొక్కాక స్ప్రింగు పిస్టన్‌ను తోసి అప్పటికప్పుడు గాలి పుట్టిస్తుంది, అందుకే భుజానికి తన్నినట్టుంటుంది. మీ దాంట్లో గాలి ముందే చిన్న గదిలోకి ఎక్కి కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే లోపలి సుత్తి వాల్వు పుల్లను తడుతుంది, గాలి ఒక్కసారిగా బ్యారల్లోకి వస్తుంది. తన్నడం దాదాపు ఉండదు. మూడు సార్లు కొడితే మూడు సార్ల బలం, ఎనిమిది కొడితే ఎనిమిదికి తగ్గ బలం. పాతవాళ్లు దీన్ని ఇన్నేళ్లయినా మరిచిపోలేకపోవడానికి నాకు కనిపించే కారణం అదే, ఎంత చెమటోడిస్తే అంత పని చేస్తుంది.

ఇత్తడి గొట్టం, కింద చెక్క లీవరు అంటే చాలావరకు అమెరికావాళ్ల బెంజమిన్ గానీ షెరిడాన్ గానీ అయి ఉండాలి. బోల్టు (పెల్లెట్ పెట్టడానికి వెనక్కి లాగే కడ్డీ) దగ్గరో బ్యారల్ మీదో పేరు చెక్కి ఉంటుంది, పళ్లపొడి రుద్ది బట్టతో తుడిస్తే అక్షరాలు తేలతాయి. షెరిడాన్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్‌లో మొదలైంది. జనం ఎరిగిన సిల్వర్ స్ట్రీక్, బ్లూ స్ట్రీక్ మోడళ్లు 1949లో వచ్చాయి. 1977లో బెంజమిన్ కంపెనీ షెరిడాన్‌ను కొంది, 1992లో క్రాస్‌మన్ అనే ఇంకో ఎయిర్ గన్ కంపెనీ ఆ రెంటినీ కొనేసింది. ఈ చరిత్రతో మీకు పనేంటంటే, షెరిడాన్ అయితే దాని బోరు, అంటే బ్యారల్ లోపలి వెడల్పు, 5 మి.మీ. మన దగ్గర అంగళ్లలో దొరికే పెల్లెట్లు ఎక్కువగా 4.5. పెద్ద గొట్టంలో చిన్న పెల్లెట్ వేస్తే గాలంతా పక్కనుంచి పోతుంది, తుపాకీలో ఏ లోపం లేకపోయినా పెల్లెట్ కాళ్ల దగ్గరే రాలుతుంది. కాబట్టి మొదటి పరీక్ష ఇదే. గాలి అసలు లేదని తేల్చుకున్నాక (బోల్టు లాగి, పెల్లెట్ లేకుండా, రెండు మూడు సార్లు ట్రిగ్గర్ నొక్కితే గాలి చప్పుడు రాకూడదు) బోల్టు దగ్గర పెల్లెట్ పెట్టి మూతిని కిందికి వంచండి. దానంతట అదే జారి బయటపడితే సైజు తప్పు. సరైన పెల్లెట్ బ్యారల్ లోపలి మరల్లో (మెలిక తిరిగిన గాట్లలో) బిగుసుకుంటుంది, పుల్లతో నెడితే గానీ కదలదు.

రెండోది ఇంకా చిన్న విషయం, అయినా సగం మంది ఇక్కడే బోల్తా పడతారు. బోల్టు పూర్తిగా వెనక్కి లాగి సుత్తిని బిగించాకే పంపు మొదలుపెట్టాలి. ఖాళీ తుపాకీలో సుత్తి స్ప్రింగు వాల్వు పుల్ల మీద వాలి ఉంటుంది. ఆ స్థితిలో పంపు కొడితే ఒక చేత్తో పోసిన గాలిని ఇంకో చేత్తో వదిలినట్టే, ఎన్ని కొట్టినా నిలవదు. దీన్ని చూసి వాల్వు పోయిందని విప్పేసిన తుపాకులు ఎన్నో.

మూడోది పంపు కొట్టే తీరు. లీవరును చివరిదాకా, ఇక రాదు అన్నంతవరకు తెరవాలి. గాలి లోపలికి వచ్చే చిల్లు పిస్టన్ పూర్తిగా ముందుకు పోతేనే తెరుచుకుంటుంది. సగం తెరిచి మూస్తే అదే గాలిని నొక్కి వదలడమే. మూసేటప్పుడు ఒక చెయ్యి బోల్టు వెనక సన్నటి చోట ఉండాలి, బ్యారల్ పట్టుకోవద్దు. ఈ రెండు కంపెనీల్లోనూ బ్యారల్‌ను పంపు గొట్టానికి టంకంతో అతికించి ఉంటారు. బ్యారల్ పట్టుకుని బలం వేస్తే ఏదో ఒకనాడు ఆ అతుకు విడిపోతుంది, దాన్ని మళ్లీ నిటారుగా అతకడం మామూలు టంకం పనివాళ్ల వల్ల అయ్యే పని కాదు. లీవరుకూ గొట్టానికీ మధ్య వేళ్లు లేకుండా చూసుకోండి, ఆరో పంపు మీద నలిగితే గోరు నల్లబడుతుంది. ఎనిమిదికి మించొద్దు. పది కొట్టినా బలం పెరగదు. లోపలి ఒత్తిడికి సుత్తి వాల్వును తెరిచి పట్టలేక కొంత గాలి లోపలే మిగులుతుంది. కాల్చాక బోల్టు లాగి, పెల్లెట్ లేకుండా మళ్లీ నొక్కినప్పుడు టప్‌మంటే అది మిగిలిన గాలి చప్పుడు. ఇలా ఖాళీగా కాల్చినా దీనికి నష్టం లేదు, బెలూన్ల తుపాకీతో మాత్రం ఈ పని చేయొద్దు. అందులో ముందు అడ్డులేని పిస్టన్ గోడకు గుద్దుకుంటుంది.

ఈ మూడూ సరిగానే ఉన్నాయి, అయినా తుస్సే అంటే, లీవరు ఏం చెబుతోందో చేత్తో వినాలి. అసలైన రోగనిర్ధారణ ఇక్కడే.

బాగున్న తుపాకీలో మొదటి పంపు మెత్తగా పోతుంది. మూడో దానికి చివరి రెండంగుళాల్లో బరువు తెలుస్తుంది. ఐదు దాటాక అరచేతి మడమతో నొక్కాలి, మూతపడే క్షణంలో లోపల టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. తర్వాత లీవరు తెరిస్తే ఖాళీగా, ఏ ఒత్తిడీ లేకుండా వస్తుంది. మీ దాంట్లో మొదటి పంపూ ఎనిమిదోదీ ఒకేలా మెత్తగా ఉంటే పంపు వాషరు ఎండిపోయింది లేదా అరిగిపోయింది. మూస్తున్నప్పుడు బరువుగానే ఉండి, వదలగానే లీవరు తనంతట తాను పైకి తన్నుకొస్తుంటే పంపుకూ గాలిగదికీ మధ్యనున్న లోపలి వాల్వు పట్టడం లేదు, ఎక్కిన గాలి వెనక్కి వస్తోంది. లేదంటే లీవరు చీలలు అరిగి, పిస్టన్ చివరిదాకా పోక, మధ్యలో ఖాళీ మిగులుతోంది. ఆ ఖాళీలో నలిగిన గాలే లీవరును తిరిగి నెడుతుంది. పంపు చక్కగా బిగుస్తూ, పక్కన పెట్టిన కాసేపటికే గాలి పోతుంటే బయటి వాల్వు, అంటే ట్రిగ్గర్ వైపుది కారుతోంది. దీన్ని నిర్ధారించడానికి పెల్లెట్ లేకుండా, మూతి గోడవైపు తిప్పి, రెండే పంపులు కొట్టి, మూతి మీద సబ్బు నీళ్ల పొర పరవండి. బుడగ ఉబ్బితే అదే. మొహం మూతి ముందుకు తేవద్దు, పక్కనుంచి చూడండి.

విప్పకముందు నూనె. స్టవ్వు ఆయన సగం కరెక్టే చెప్పాడు. పంపు స్టవ్వు, పెట్రోమాక్స్ లైటు, ఈ తుపాకీ, మూడింటి పంపు సూత్రం ఒకటే. వాషరు తడిగా ఉంటేనే గొట్టానికి అంటుకుని గాలిని పడుతుంది. కానీ స్టవ్వులో కిరోసిన్ మండడానికే ఉంది. ఇక్కడ అది వాషరులోని జిడ్డును కడిగేసి ఎండబెడుతుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పైగా బలంగా నలిగిన గాలి వేడెక్కుతుంది, అందులో కిరోసిన్ ఆవిరి ఉండటం మంచిది కాదు. తుప్పుకు కొట్టే స్ప్రేలదీ ఇదే దోషం. వేరుశెనగ నూనె, కొబ్బరి నూనె అసలు వద్దు, నెలల్లో బంకై కూర్చుంటాయి. కుట్టుమిషన్ నూనె లీవరు చీలలకు సరిపోతుంది గానీ వాషరుకు పలచన. కావలసింది డిటర్జెంట్ కలపని 30 నంబరు నూనె. ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ పనుల వల్ల కంప్రెసర్లు ఎక్కువ కాబట్టి పిస్టన్ కంప్రెసర్ నూనె, ఐఎస్ఓ 100 అని రాసి ఉన్నది, సులువుగా దొరుకుతుంది. అది దాదాపు అదే చిక్కదనం.

లీవరు పూర్తిగా తెరిస్తే గొట్టం కింది చీలికలో పిస్టన్ కనిపిస్తుంది, దాని మీద ఉన్ని పట్టీ ఉంటే అక్కడ మూడు చుక్కలు. గాలి చిల్లులో రెండు చుక్కలు. ఒక్కో చీలకు ఒక్కో చుక్క. ఇంతకు మించి పోస్తే నూనె వాల్వులో నిండి పిచికారీలా బయటికొస్తుంది. లీవరు నెమ్మదిగా పదిసార్లు ఆడించి రాత్రంతా వదిలేయండి. మర్నాడు బోల్టు బిగించి, మూడు పంపులు కొట్టి, ఖాళీగా కాల్చండి. ఇలా ఐదారు సార్లు చేస్తే చిల్లులో వేసిన నూనె గాలితో పాటు వాల్వు దాకా పోతుంది. తర్వాత రెండు పంపులు కొట్టి పన్నెండు గంటలు పక్కన పెట్టి కాల్చి చూడండి. గట్టిగా టప్‌మంటే మీ పని అయిపోయింది. ఏళ్ల తరబడి అటక మీద ఎండిన తుపాకులు ఇక్కడితోనే లేవడం మామూలే.

లేవకపోతే విప్పాలి. గాలి పూర్తిగా తీసేశాకే. ఒత్తిడి ఉన్న వాల్వును మర తిప్పడం అంటే దాని ముందు నిలబడి దాన్ని పేల్చుకోవడమే. లీవరు చీలను కింద చెక్కదిమ్మ పెట్టి సరైన సైజు పంచితో కొట్టండి, మేకుతో కాదు. పిస్టన్ బయటికొస్తుంది. వాషరు అంచు పదునుగా, లోపలి వైపు గిన్నెలా ఉండాలి. గుండ్రంగా అరిగినా, పగిలినా మార్చాలి. అది రబ్బరుదైతే హైడ్రాలిక్ సీళ్లు అమ్మే అంగడికి పాతదాన్ని, వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొలిచిన గొట్టం లోపలి కొలతను తీసుకెళ్లండి. ముందుకు పంపు పుల్ల ఉండే మరీ పాత బెంజమిన్లలో తోలు వాషరు ఉంటుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర రెండు మిల్లీమీటర్ల తోలు, రంగు పూయనిది తీసుకుని, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గొట్టం సైజు గుంటలో నొక్కి గిన్నెలా ఆరనిచ్చి, అంచు కోసి, ఒక రాత్రి నూనెలో ఉంచితే సరిపోతుంది. స్టవ్వు వాషరు అచ్చంగా అతికితే అదృష్టం. కొలవకుండా మాత్రం తొడగొద్దు, ముడతపడి గొట్టాన్ని గీస్తుంది.

వాల్వు వేరే సంగతి. అది గొట్టం లోతులో మర బిగించి ఉంటుంది, తీయడానికి రెండు పళ్లున్న పొడవాటి గొట్టంలాంటి పనిముట్టు కావాలి. స్క్రూ డ్రైవర్ పెట్టి సుత్తితో తిప్పినవాళ్ల గుర్తులే పాత తుపాకుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఇత్తడి గాడి ఒకసారి చెదిరితే ఇక ఏ పనిముట్టూ పట్టదు. లేత్ షాపులో ఉక్కు పైపు చివర రెండు పళ్లు చేయించుకోండి, గాడి వెడల్పు కొలిచి ఇవ్వండి. బిగుసుకుపోయిందని మంట పెట్టొద్దు. టంకం కరిగి బ్యారల్ ఊడుతుంది.

మీ ఊరికి సముద్రం దగ్గర. ఇత్తడికి తుప్పు పట్టదు గానీ లోపలి సుత్తి, స్ప్రింగు, చీలలు ఉక్కువి, ఉప్పుగాలి వాటిని తింటుంది. నూనె గుడ్డతో తుడిచి, గాలి ఆడేచోట పెట్టండి, రెగ్జిన్ సంచిలో కట్టేయొద్దు. పెల్లెట్ లేకుండా ఒక్క పంపు గాలి లోపల ఉంచితే వాల్వులు మూసుకుని ఉంటాయి, దుమ్ము చేరదు.

ఇక కాగితాల సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, బలం 20 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) దాటినా ఎయిర్ గన్‌కూ లైసెన్సు కావాలి. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే 10 జౌళ్లు, 283 దాటితే 20 మించుతుంది. పై పరీక్షలో 4.5 పెల్లెట్ జారిపడితే తుపాకీని ఇక ముట్టకుండా, ముందు పోలీస్ స్టేషన్‌లో తెలిపి కాగితాల సంగతి తేల్చుకోండి, రిపేరు తర్వాత. కొంగలు, పావురాళ్ల వైపు తిప్పే ఆలోచనే వద్దు, వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. ఇసుక నింపిన గోనెసంచి ముందు కాగితం కట్టి, పది మీటర్ల నుంచి, మూడు నాలుగు పంపులతో కాల్చుకోండి. కంటికి అద్దాలు పెట్టుకోండి, పెల్లెట్లు సీసం (లెడ్) లోహంతో చేసినవి కాబట్టి అయ్యాక చేతులు కడుక్కోండి. గుండ్రటి ఉక్కు గుళ్లు దొరికాయని వేశారో, మెత్తటి బ్యారల్‌లోని మరలు గీసుకుపోతాయి.

రంగు వేయించాలా అని అడగలేదు గానీ ఎలాగూ అడుగుతారు. వద్దు. నల్లరంగు కింద ఇత్తడి తేలిన చోటే తాతగారి చెయ్యి పట్టిన చోటు.