ప్రార్థనకు మాట రావడం లేదన్న పర్లాకిమిడి చెల్లికి

చెల్లీ, భర్త వదిలేసి వెళ్ళాడని, అద్దె గదిలో సాయంత్రమైతే భయమేస్తోందని, మోకరించినా నోట మాట రావడం లేదని రాశావు. నేను గుణుపూర్‌లో ఉంటాను. ఆరేళ్ల క్రితం నాదీ ఇదే పరిస్థితి.

మాట రాకపోవడం విశ్వాసం తగ్గడం కాదమ్మా. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదువు. ఏలీయా ప్రవక్త అంతటివాడు చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినిపించాడు. మందలింపు కంటే ముందు అన్నం, నిద్ర! నాకు ఇప్పటికీ ఇక్కడే కళ్ళు చెమరుస్తాయి. కాబట్టి ముందు ఈ రాత్రి వండుకుని తిను.

నీ మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదువు. ఆరే వచనాలు. "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణే నిలదీస్తుంది. అలా అడగడం కూడా ప్రార్థనే.

ఏలీయా నేనొక్కడినే మిగిలానన్నాడు. తనకు నమ్మకంగా ఉన్నవాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారని దేవుడు చెప్పాడు. నువ్వూ ఈ ఆదివారం గుడిలో వెనక బెంచీలోనైనా కూర్చో, ఒక్క పెద్దమ్మకైనా చెప్పుకో. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగకుండా 14416కి, అంటే టెలీ మానస్ అనే మానసిక సహాయ లైన్‌కి ఫోన్ చెయ్యి, ఉచితం, రాత్రైనా పలుకుతారు.

తిన్నాక ఇక్కడ ఒక్క మాట రాయి, నేను చూస్తూ ఉంటాను.