ఐలీన్ గ్రే వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ తల్లీ, ఐలీన్ గ్రే లాంటి డిజైనర్, ఆర్కిటెక్ట్ మీద రాస్తూ ఆవిణ్ణి రెండో పేజీ దాకా రానివ్వలేదేం? మొదటి పేజీ అంతా లె కార్బూజియే. మన చండీగఢ్ కట్టిన ఆ పెద్దమనిషే 1938లో ఆమె కట్టిన ఇంటి తెల్లగోడల మీద, ఆమెను అడక్కుండా బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. నీ కోపం న్యాయమే. అయితే ఆ గోడలు ఎంత బాగుండేవో తెలియని పాఠకుడికి పాడైపోయాయంటే ఏం బాధ?

ఆమె చేసిన బల్లతో మొదలుపెట్టు. 1927 నాటి చిన్న బల్ల: ఉక్కు గొట్టాలు, గుండ్రటి గాజు పలక. కాడ మధ్యలో ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. కింద వలయం మంచం కిందకి దూరుతుంది, పలక నీ ఒళ్ళోకి వస్తుంది. ఎత్తు మార్చాలంటే కాడలో చీల తీసి వేరే బెజ్జంలో పెట్టాలి. ఆ చీల పోకుండా సన్నటి గొలుసుతో కట్టి ఉంచింది! పొద్దున్నే మంచం దిగకుండా కాఫీ తాగేవాళ్ళ బద్ధకాన్ని అంత మర్యాదగా చూసిన డిజైనర్ ఇంకొకరు నాకు తెలియదు. నువ్వు దీనికి ఒక్క వాక్యం ఇచ్చావు.

ఐర్లండ్‌లో పుట్టడం, పారిస్‌లో సుగవారా అనే జపాన్ పనివాడి దగ్గర లాకర్ పని (చెక్క మీద మెరిసే పూత వేసే విద్య) నేర్చుకోవడం క్లుప్తంగా చాలు. ఆర్కిటెక్చర్ ఏ కాలేజీలోనూ చదవలేదన్నది మాత్రం వదలకు. ఇల్లు కట్టేనాటికి నలభై ఏడు దాటాయి.

"విస్మృత ప్రతిభ" అన్న మాట కొట్టెయ్. ఎలా మరిచారో చెప్పు. ఫ్రాన్స్ దక్షిణాన రోక్‌బ్రూన్ తీరంలో ఆ ఇంటి స్థలం ఆమె కొన్నా, రాయించింది స్నేహితుడు జాఁ బదోవిచి పేర. విడిపోయాక ఇల్లు అతనిదే అయింది. తర్వాత కొందరు దాన్ని కార్బూజియే కట్టాడనే అనుకున్నారు. ఇలాంటి మామూలు కాగితాల వల్లే మనుషులు మరుగున పడతారు. ఇంకొకటి: 1937 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో తన పెవిలియన్‌లో ఆమె రూపొందించిన విహార కేంద్రం నమూనా పెట్టించింది కూడా ఆ కార్బూజియేనే. నీ కథకి అడ్డొస్తుందని దాచకు.

ఆమె 1976 దాకా బతికింది. 2009 వేలంలో ఆమె చేసిన కుర్చీ రెండు కోట్ల యూరోలు దాటిన సంగతి రాయకుండా నువ్వుండలేవు. రాయి, కానీ శీర్షికలోకి ఎక్కించకు.